పూత చూసి తోట పట్టడం: ఐస్ హాకీ కుర్రాళ్లను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి

నూజివీడు వైపు మామిడి తోటల బేరాలు చాలావరకు పూత మీదే తెగుతాయి. కాయ ఇంకా కంటికి కనబడదు. చెట్టు వయసెంత, నేల ఎలాంటిది, నిరుడు కాపెంత, తేనెమంచు పురుగు పట్టిందా లేదా అని చూసుకుని వ్యాపారి ఒక అంకె చెప్పి బయానా చేతిలో పెడతాడు. ఈదురుగాలికి పిందె రాలిపోతే ఆ నష్టం అతనిదే.

ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడాల్లో అతిపెద్ద ఐస్ హాకీ లీగ్. జట్లు వంతులవారీగా పేరు చదివి కొత్త కుర్రాళ్లను ఎంచుకునే దాని డ్రాఫ్ట్ అచ్చంగా ఇలాంటి బేరమే. 32 జట్లు, 7 రౌండ్లు, 220 మందికి పైగా కుర్రాళ్లు. ఎక్కువమందికి 18 ఏళ్లు అప్పుడే నిండి ఉంటాయి. వాళ్లు 25వ ఏట ఎలా ఆడతారో ఇవాళే ఊహించి పేరు చదవాలి. టీవీ ముందు కూర్చున్న మనకేమీ డబ్బు పోదు కాబట్టి మరీ ధైర్యంగా ఊహిస్తాం.

ఇది రాయడానికి కారణం మా డాలస్ వైపు తెలుగువాళ్ల కబుర్లే. ఫ్రిస్కో, ప్లేనోల్లో క్రికెట్ తప్ప మరో ఆట ముఖం చూడనివాళ్లు పిల్లల పుణ్యమా అని మా ఊరి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డాలస్ స్టార్స్‌కు అభిమానులైపోయారు. హాకీ అంటే మనకు తెలిసింది పచ్చిక మీద ఆడేది. ఇది మంచు మీది. నియమాలు నెలలో పట్టుబడతాయి. కానీ "ఆ 19 ఏళ్లవాడు మేలా, ఈ 18 ఏళ్లవాడు మేలా" అన్న వాదన మొదలైతే అందరం గోల్స్ లెక్క చూసి తీర్పు చెప్పేస్తాం. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో మెట్టు మెట్టుగా చెబుతాను. చేతికి ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్ కంటే అదే నయం. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మొదటి మెట్టు: పుట్టినరోజు అడగండి

ఇద్దరు కుర్రాళ్ల పేర్లు చెప్పి ఎవరు మేలని అడిగితే నేను ముందు వాళ్ల పుట్టినరోజులు అడుగుతాను. పెళ్లిసంబంధం చూస్తున్నట్టుందని మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

డ్రాఫ్ట్ జరిగే ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండినవాళ్లే అందులోకి వస్తారు. అంటే మొదటిసారి డ్రాఫ్ట్‌కు వచ్చిన ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. 30 ఏళ్లవాడికీ 31 ఏళ్లవాడికీ ఆ తేడా లెక్కలోకి రాదు. 17కీ 18కీ మధ్య మాత్రం భుజాలు విచ్చుకుంటాయి, తొడల్లో బలం పుంజుకుంటుంది, మంచు మైదానం చుట్టూ ఉండే గోడ దగ్గర తోపులాటలో నిలబడే శక్తి వస్తుంది.

ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజులు ముందు పుట్టి ఉంటే 2015 డ్రాఫ్ట్‌లో కానర్ మెక్‌డేవిడ్, జాక్ ఐకెల్‌లతో కలిసి నిలబడేవాడు. ఆ రెండు రోజుల మూలంగా ఏడాది ఆగి, స్విట్జర్లాండ్ వెళ్లి జూరిక్ జట్టులో పెద్దవాళ్లతో ఆడి, 2016లో మొదటి పేరుగా ఎంపికయ్యాడు.

ఇప్పుడు నోట్‌బుక్ తెరిచి 2020 డ్రాఫ్ట్‌లోని మొదటి మూడు పేర్లు రాసుకోండి. నాకు తెలిసినంతలో ఈ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అలెక్సిస్ లాఫ్రెనియెర్. పుట్టింది 2001 అక్టోబర్ 11. క్యూబెక్ జూనియర్ లీగ్‌లో రిమూస్కీ జట్టు. 52 ఆటల్లో 112 పాయింట్లు.
క్వింటన్ బైఫీల్డ్. పుట్టింది 2002 ఆగస్టు 19. ఒంటారియో జూనియర్ లీగ్ ఓహెచ్‌ఎల్‌లో సడ్‌బరీ జట్టు. 45 ఆటల్లో 82 పాయింట్లు.
టిమ్ స్టూట్జ్‌లె. పుట్టింది 2002 జనవరి 15. జర్మనీలో పెద్దల లీగ్, మన్‌హైమ్ జట్టు. 41 ఆటల్లో 34 పాయింట్లు.

పాయింట్ అంటే గోల్ కొట్టినా, గోల్‌కు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందించి అసిస్ట్ సంపాదించినా ఒకటి. ఆటకు సగటు తీస్తే 2.15, 1.82, 0.83 వస్తాయి. ఇక్కడితో పుస్తకం మూసేస్తే లాఫ్రెనియెర్‌కు దరిదాపుల్లో ఎవరూ లేరు. నిజానికి అప్పుడు చాలామంది అలాగే మూసేశారు.

సెప్టెంబర్ 15 నాటి వయసులు వేసి చూద్దాం. లాఫ్రెనియెర్‌కు 18 ఏళ్ల 11 నెలలు. బైఫీల్డ్‌కు 18 నిండి నెల కూడా కాలేదు. పది నెలల తేడా అన్నమాట. కాబట్టి బైఫీల్డ్ డ్రాఫ్ట్ ఏడాదిని లాఫ్రెనియెర్ అంతకు ముందటి ఏడాదితో పోల్చాలి, అప్పుడే ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసులో ఉంటారు. 2018-19లో లాఫ్రెనియెర్ 61 ఆటల్లో 105 పాయింట్లు సాధించాడు. ఆటకు 1.72. బైఫీల్డ్‌ది 1.82. కొండంత కనిపించిన తేడా ఎటుపోయిందో చూశారా?

దీనికి కెనడాలో ఇంకో పొర ఉంది. అక్కడ పిల్లల హాకీని వయసు జట్లుగా విడదీసేది జనవరి 1 లెక్కన. జనవరిలో పుట్టిన పిల్లాడు డిసెంబర్‌లో పుట్టినవాడి కంటే ఎప్పుడూ పెద్దగా, బలంగా కనిపిస్తాడు. మంచి జట్టు, మంచి కోచ్, ఎక్కువ ఆట సమయం అతనికే దక్కుతాయి. అన్నీ దాటుకుని డ్రాఫ్ట్ దాకా వచ్చిన డిసెంబర్ కుర్రాడు గట్టివాడై ఉంటాడు. డ్రాఫ్ట్‌లో ఒకే స్థాయిలో ఎంపికైనవాళ్లను చూస్తే, ఏడాది చివర్లో పుట్టినవాళ్లు ఆ స్థానానికి మించి రాణించారని 2013లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది.

అలాగని పుట్టినరోజే జాతకం కాదు. 2017లో మా స్టార్స్ మూడో స్థానంలో మీరో హైస్కనెన్‌ను తీసుకున్నారు. నాలుగో స్థానంలో కొలరాడోకు కేల్ మకార్ వెళ్లాడు. హైస్కనెన్ 1999 జూలైలో పుట్టాడు, మకార్ 1998 అక్టోబర్ చివర్లో. వయసు లెక్క పూర్తిగా హైస్కనెన్ వైపే ఉంది. హైస్కనెన్ గొప్ప ఆటగాడే అయ్యాడు. మకార్ 2022లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు, అంటే వెనక కాపు కాసేవాడికి, ఇచ్చే నోరిస్ ట్రోఫీ, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ రెండూ ఒకే ఏడాది పట్టుకెళ్లాడు. డాలస్‌లో ఉంటూ ఈ వాక్యం రాయడం అంత సులువేం కాదు.

రెండో మెట్టు: ఏ లీగ్‌లో కొట్టిన పాయింట్లు?

రంజీలో సెంచరీకీ జిల్లా లీగ్‌లో సెంచరీకీ ఉన్న తేడా మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. కాకపోతే లీగ్‌లు ఎక్కువ, పేర్లు తికమక.

కెనడాలో 16 నుంచి 20 ఏళ్లవాళ్లు ఆడే పెద్ద జూనియర్ లీగ్‌లు మూడు: ఒంటారియోది ఓహెచ్‌ఎల్, పశ్చిమాన డబ్ల్యూహెచ్‌ఎల్, తూర్పున క్యూబెక్ లీగ్. అమెరికాలో కాలేజీ హాకీ ఉంది. అక్కడ 18 ఏళ్లవాడు 23, 24 ఏళ్లవాళ్లతో తలపడాలి. స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ, రష్యాల్లో మంచి కుర్రాళ్లు 17 ఏళ్లకే పెద్దల జట్లలో అడుగుపెడతారు. ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింద ఏహెచ్‌ఎల్ ఉంది.

వీటిని ఒకే కొలతకు తేవడానికి అభిమానులూ విశ్లేషకులూ వాడే లెక్క ఒకటుంది. ఒక లీగ్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లినవాళ్ల పాయింట్లు సగటున ఎంత తగ్గాయో చూసి, ఆ లీగ్‌కు ఒక గుణకం కడతారు. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది గాబ్రియెల్ డెజార్డెన్. కట్టేవాళ్లను బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. పాత లెక్కల్లో ఓహెచ్‌ఎల్‌కు, డబ్ల్యూహెచ్‌ఎల్‌కు సుమారు 0.30, క్యూబెక్ లీగ్‌కు 0.28, ఏహెచ్‌ఎల్‌కు 0.44 దగ్గర ఉండేవి.

లెక్క తేలిక. ఆటకు సగటును గుణకంతో గుణించి, ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌లోని 82 ఆటలతో మళ్లీ గుణించండి. లాఫ్రెనియెర్ డ్రాఫ్ట్ ఏడాది 2.15ను 0.28తో, 82తో గుణిస్తే 49 పాయింట్లు. బైఫీల్డ్ 1.82కు ఓహెచ్‌ఎల్ గుణకం 0.30తో అలాగే చేస్తే 45. లాఫ్రెనియెర్ ముందటి ఏడాది, అంటే బైఫీల్డ్ వయసులో ఉన్నప్పటిది, 39 లేదా 40. ఒకే వయసు, ఒకే కొలత. అలా చూస్తే బైఫీల్డ్ ఐదారు పాయింట్లు ముందున్నాడు.

ఈ లెక్కను నమ్మకూడని చోట్లు కూడా చెప్పాలి. డిఫెన్స్‌మన్‌కు ఇది సగమే పనిచేస్తుంది, గోల్ కాపలా కాసే గోలీకి అసలు పనికిరాదు. పెద్దల లీగ్‌లో కుర్రాడికి కోచ్ ఇచ్చేది ఆటకు ఎనిమిది పది నిమిషాలే అయితే అతని అంకె చిన్నదిగానే ఉంటుంది. హైస్కనెన్ డ్రాఫ్ట్ ఏడాది ఫిన్లాండ్ పెద్దల లీగ్‌లో 37 ఆటల్లో 10 పాయింట్లే చేశాడు. అదే ఏడాది మకార్ కెనడాలో రెండో అంచె జూనియర్ లీగ్‌లో 54 ఆటల్లో 75 చేశాడు. ఒకడికి లీగ్ మరీ గట్టిది, ఇంకొకడికి మరీ తేలిక. రెండు అంకెలూ మనకు దారి చూపవు. ఇలాంటప్పుడు అంకె పక్కన పెట్టి నాలుగో మెట్టుకు వెళ్లాలి.

మరో మాట. 2025-26 సీజన్ నుంచి కెనడా జూనియర్ లీగ్‌లలో ఆడినవాళ్లను అమెరికా కాలేజీ జట్లు తీసుకునే వీలు వచ్చింది. అంతకు ముందు సీజన్‌లో డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు మెడిసిన్ హ్యాట్‌లో 56 ఆటల్లో 129 పాయింట్లు చేసిన గావిన్ మెకెన్నా, ఆ ఏడాదే పెన్ స్టేట్ కాలేజీ జట్టుకు మారాడు. మెరికల్లాంటి వాళ్లు ఇలా కాలేజీకి మళ్లితే జూనియర్ లీగ్‌లు కొంత పలచబడతాయి, కాలేజీ హాకీ చిక్కబడుతుంది. పాత గుణకాలతో కొత్త కుర్రాళ్లను కొలిస్తే తప్పు వస్తుంది. ఎవరైనా గుణకం చెబితే అది ఏ ఏడాది కట్టిందో అడగండి.

మూడో మెట్టు: పాయింట్ లోపల ఏముంది?

హాకీలో ఒక గోల్‌కు ఇద్దరి వరకు అసిస్ట్ ఇస్తారు. చివరి పాస్ ఇచ్చినవాడికీ, అంతకు ముందు పాస్ ఇచ్చినవాడికీ. రెండో అసిస్ట్‌లో అదృష్టం పాలు ఎక్కువ. అందుకే గోల్స్‌ను, మొదటి అసిస్ట్‌లను కలిపి విడిగా రాసుకోండి. తర్వాత పవర్ ప్లే పాయింట్లు తీసేయండి. అవతలి జట్టులో ఒకడు శిక్ష మీద పక్కన కూర్చున్నప్పుడు ఐదుగురు నలుగురి మీద ఆడి చేసిన పాయింట్లవి. మిగిలినవే కుర్రాడి సొంత సంపాదన.

పక్కన ఎవరున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అలెక్స్ డిబ్రింకాట్ డ్రాఫ్ట్ నాటికి 5 అడుగుల 7 అంగుళాలవాడు. 2014-15లో ఈరీ ఆటర్స్ అనే జూనియర్ జట్టులో 51 గోల్స్ కొట్టాడు. అదే జట్టులో మెక్‌డేవిడ్ ఉన్నాడు. "మెక్‌డేవిడ్ పక్కనుంటే ఎవరైనా కొడతారు" అన్నారు జనం. సబబైన అనుమానమే. మెక్‌డేవిడ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోయిన మరుసటి ఏడాది డిబ్రింకాట్ మళ్లీ 51 కొట్టాడు. అయినా 2016లో 38 మంది పోయాక గానీ అతని పేరు వినిపించలేదు. ఆ తర్వాతి ఏడాది జూనియర్‌లోనే 65. మీరు చూడాల్సింది ఇదే: ఆసరా తీసేస్తే తీగ నిలబడిందా?

దీనికి అవతలి వైపు కూడా ఉంది. జేసన్ రాబర్ట్‌సన్ డ్రాఫ్ట్ ఏడాది కింగ్‌స్టన్ జట్టులో 68 ఆటల్లో 42 గోల్స్ కొట్టాడు. తిప్పికొడితే గోల్ అయ్యేలా పాస్ అందించే మహామహులెవరూ పక్కన లేరు. అలాంటి 42 గోల్స్‌కు నేను 50 విలువ కడతాను.

నాలుగో మెట్టు: కళ్లతో చూడటం

అంకెల వాళ్లకూ కళ్ల వాళ్లకూ మధ్య పాతకాలపు తగువు ఉంది. నా అనుభవంలో అంకెలు ఎవరిని చూడాలో చెబుతాయి, ఏం చూడాలో చెప్పవు.

చూసేటప్పుడు అందరం చేసే తప్పు పక్ వెంట కళ్లు పరిగెత్తించడం. ఒక కుర్రాడిని ఎంచుకుని, పీరియడ్ మొత్తం, అంటే 20 నిమిషాల ఆట, అతన్ని మాత్రమే చూడండి. బెంచి మీద కూర్చున్నప్పుడు ఏం చేస్తున్నాడో కూడా. షిఫ్ట్, అంటే ఒకసారి మంచు మీదికి దిగి మళ్లీ బెంచికి వచ్చేదాకా, 45 సెకన్లు ఉంటుందనుకుంటే అందులో పక్ అతని దగ్గర ఉండేది కొన్ని సెకన్లే. మిగతా సమయంలోనే అసలు మనిషి బయటపడతాడు.

నేను రాసుకునేవి ఇవి. పక్ అందుకోకముందే తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూశాడా? చూసినవాడికి పక్ చేతికొచ్చేసరికి ఏం చేయాలో తెలిసిపోయి ఉంటుంది. చూడనివాడు పక్ అందుకుని, అప్పుడు తలెత్తి, అప్పుడు ఆలోచిస్తాడు. జూనియర్‌లో ఆ సమయం దొరుకుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆలోచించేలోపు గోడకు అతుక్కుని ఉంటాడు. ఇంకోటి, పక్ పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు ఎటువైపు పడ్డాయి? వెనక్కి పరిగెత్తాడా, చేతులు విసురుకుంటూ రిఫరీ వైపు చూశాడా? వేగం మారుస్తున్నాడా లేక ఎప్పుడూ ఒకే వేగమా? ఎప్పుడూ వేగంగా పోయేవాడిని ఆపడం కష్టం కాదు. నెమ్మదించి, అవతలివాడు కాలు ఆపగానే మళ్లీ దూకేవాడిని ఆపడమే కష్టం.

తర్వాత ఒక గీత గీసి రెండు వైపులా రాయండి: నేర్చుకుంటే బాగుపడేవి, బాగుపడటం కష్టమైనవి. ఈ పట్టిక విషయంలో నాకు మొండి అభిప్రాయాలున్నాయి. షాట్ బలం బాగుపడుతుంది. ఒంటి బలం తప్పకుండా బాగుపడుతుంది. స్కేటింగ్ కూడా చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే బాగుపడుతుంది. ఆటను ముందే పసిగట్టే బుర్ర మాత్రం 18 ఏళ్లకు ఎంత ఉందో దాదాపు అంతే.

మళ్లీ రాబర్ట్‌సన్ దగ్గరికి రావాలి. డ్రాఫ్ట్ సమయంలో అందరూ అతని మీద మోపిన నేరం ఒకటే, కాళ్లు నెమ్మది. ఆ మాట అబద్ధమూ కాదు. అందుకే 39వ స్థానం దాకా జారాడు, అక్కడ డాలస్ పట్టుకుంది. జూనియర్‌లో మరో రెండేళ్లు ఆడి 2018-19లో 62 ఆటల్లో 117 పాయింట్లతో ఓహెచ్‌ఎల్ మొత్తంలో మొదటివాడయ్యాడు. 2022-23లో స్టార్స్ తరఫున 109 పాయింట్లు చేశాడు. జట్టు డాలస్‌కు వచ్చాక ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. ఇప్పటికీ అతను రింక్‌లో అందరికంటే వేగమైనవాడేం కాదు. పక్ వచ్చే చోటికి ముందే చేరుకుంటాడు, అంతే.

పొడుగు, బరువు

దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే జట్లే దీని గురించి కావలసినదానికంటే ఎక్కువ ఆలోచిస్తాయి. లేన్ హట్సన్ డిఫెన్స్‌మన్, డ్రాఫ్ట్ నాటికి 5 అడుగుల 8 అంగుళాలవాడు. డ్రాఫ్ట్‌కు ముందు తన ఎముకల వయసు ఇంకా చిన్నదే, ఎదుగుతానని చెప్పే వైద్యుడి కాగితం కూడా జట్లకు చూపించాడు. 2022లో 62వ స్థానంలో మాంట్రియల్ తీసుకుంది. 2024-25లో 66 పాయింట్లతో ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు.

పొట్టివాడని కొట్టేయకండి. పొట్టివాడైతే అతని దగ్గర ఒక్క గుణమైనా అసాధారణంగా ఉందా అని అడగండి. అన్నీ బాగున్న పొట్టివాడి కంటే ఒకటి అద్భుతంగా ఉన్న పొట్టివాడు నిలబడతాడు. ఇక పొడుగువాళ్ల సంగతి వేరు. 6 అడుగుల 5 అంగుళాల బైఫీల్డ్ లాంటివాడికి తన కాళ్లూ చేతులూ తన మాట వినడానికే కొన్నేళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇవ్వాలి.

ఐదో మెట్టు: స్థానాన్ని బట్టి గడియారం

అంచున ఉండి దాడి చేసే వింగర్ తొందరగా పండుతాడు. మధ్యలో ఆడే సెంటర్‌కు దాడి, కాపు రెండు వైపులా పని, ఇంకో ఏడాదో రెండేళ్లో పడుతుంది. డిఫెన్స్‌మన్ 22, 23 ఏళ్ల దాకా తడబడినా కంగారు పడక్కర్లేదు. ఒక వింగర్‌కూ ఒక సెంటర్‌కూ ఒకే రకం అంకెలు కనిపిస్తే నేను సెంటర్ వైపు మొగ్గుతాను. సెంటర్ అవసరమైతే వింగ్‌కు జరగగలడు. వింగర్ సెంటర్‌గా మారడం అరుదు.

గోలీలను ఈ పోలికలో కలపకండి. విడి పేజీ పెట్టండి. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న గోలీలు ఎక్కడ దొరికారో చూడండి: కానర్ హెల్లెబక్ 2012లో 130వ స్థానం, ఇగోర్ షెస్టెర్కిన్ 2014లో 118వ స్థానం. షెస్టెర్కిన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి ఆట ఆడింది 2020 జనవరిలో. మా జేక్ ఓటింగర్ 2017లో 26వ పేరుగా వచ్చాడు, హైస్కనెన్, రాబర్ట్‌సన్‌లు వచ్చిన అదే డ్రాఫ్ట్‌లో. ఐదేళ్ల తర్వాత కాల్గరీ మీద ఏడో ఆటలో 64 షాట్లు ఆపాడు. ఆ ఆట ఓడాం. ఓడినా ఆ రాత్రి నిద్రపోకుండా మాట్లాడుకున్నది అతని గురించే.

ఆరో మెట్టు: పండగ టోర్నమెంట్లకు లోబడకండి

ఏటా డిసెంబర్ 26 ప్రాంతంలో మొదలయ్యే ప్రపంచ జూనియర్ పోటీలు చూడటానికి ఎంత బాగుంటాయో, తీర్పు చెప్పడానికి అంత ప్రమాదం. 20 ఏళ్లలోపువాళ్ల పోటీ కాబట్టి అందులో రాజ్యమేలేది 19 ఏళ్లవాళ్లు. ఆడేది ఏడు ఆటలు. బలహీన జట్టు మీద ఒక రాత్రి ఐదు పాయింట్లు చేస్తే మొత్తం రంగు మారిపోతుంది. కానర్ బెడార్డ్ 17 ఏళ్లకే 2023 పోటీల్లో 7 ఆటల్లో 23 పాయింట్లు చేశాడు, అలాంటివాడి సంగతి వేరు. అతని జూనియర్ లీగ్ అంకెలు కూడా అదే కథ చెబుతున్నాయి.

రెండు కథలు కలవనప్పుడే చిక్కు. యురాయ్ స్లఫ్కోవ్‌స్కీ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 7 ఆటల్లో 7 గోల్స్ కొట్టి ఉత్తమ ఆటగాడయ్యాడు. అదే ఏడాది ఫిన్లాండ్ లీగ్‌లో 31 ఆటల్లో 10 పాయింట్లు. ఏది నిజం? మాంట్రియల్ మొదటి పేరుగా అతన్నే చదివింది, ఏళ్ల తరబడి మొదటివాడని అందరూ చెప్పుకున్న షేన్ రైట్ నాలుగుకు జారాడు. స్లఫ్కోవ్‌స్కీ మొదటి ఏడాది తడబడి, రెండో ఏడాది 50 పాయింట్లు చేశాడు. నా లెక్కలో ఏడు ఆటలకు పది శాతానికి మించి బరువు ఇవ్వను. మాంట్రియల్ ఎక్కువే ఇచ్చింది, దాని పని అదే.

ఏడో మెట్టు: ఎంపికయ్యాక రెండేళ్లు

పూత నిలిచిందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. డ్రాఫ్ట్ స్థానం ఆ రోజుతో పాతబడిపోతుంది. తర్వాతి రెండేళ్లూ అతను అదే లీగ్‌లో ఉంటే పాయింట్లు స్పష్టంగా పెరగాలి. 18 ఏళ్లకు 1.3 చేసినవాడు 19కీ 1.3 దగ్గరే ఆగితే ఎదుగుదల ఆగిందన్నమాట, ఎందుకంటే పక్కనున్నవాళ్లు ఇప్పుడు తనకంటే చిన్నవాళ్లు.

వయట్ జాన్‌స్టన్‌ను చూడండి. 2020-21లో కరోనా వల్ల ఓహెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. డ్రాఫ్ట్ ఏడాదిలో అతనికి లీగ్ ఆటే లేదు. జట్లు అతన్ని చూసింది 2021లో 18 ఏళ్లలోపువాళ్ల ప్రపంచ పోటీల్లో. అవి జరిగింది మా ఊళ్లలోనే, ఫ్రిస్కో, ప్లేనోల్లో. కెనడా స్వర్ణం గెలిచింది. స్టార్స్ 23వ స్థానంలో అతన్ని తీసుకున్నారు. మరుసటి ఏడాది ఓహెచ్‌ఎల్ జట్టు విండ్సర్‌లో 68 ఆటల్లో 124 పాయింట్లు. ఆ తర్వాతి ఏడాది నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లో 24 గోల్స్. ఆట లేని ఏడాదిని సున్నాగా రాసుకున్నవాళ్లు అతన్ని వదిలేశారు. కారణం లేకుండా పడిన సున్నా వేరు, గాయం వల్లో రద్దు వల్లో వచ్చిన ఖాళీ వేరు. నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగా వదలండి.

తొందరపడి చెట్టు కొట్టేసిన కథ కూడా మాదే. వలేరి నిచుష్కిన్‌ను 2013లో పదో పేరుగా తీసుకున్నాం. 2018-19లో 57 ఆటలు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. వేసవిలో డబ్బులిచ్చి వదిలించుకున్నారు. ఆ 57 ఆటల్లో కూడా అతను పక్ పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తిన తీరు, గోడ దగ్గర గెలిచిన పోట్లాటలు ఎవరైనా రాసుకుని ఉంటే ఏమనేవారో. కొలరాడో వెళ్లాడు, 2021-22లో 25 గోల్స్ కొట్టి అదే ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు.

చివరి మెట్టు: నోట్‌బుక్‌లో తీర్పు

ఒక్కో కుర్రాడికి నాలుగు గడులు గీయండి. అన్నీ కలిసొస్తే ఎంతవాడవుతాడు? ఏదీ కలిసిరాకపోతే ఎక్కడ ఆగుతాడు? ఎన్నేళ్లు పడుతుంది? దేని మీద నాకు నమ్మకం లేదు? ఈ నాలుగోది రాయకపోతే మిగతా మూడూ వృథా. పక్కన తేదీ వేయండి, పెన్నుతో. ఫోన్‌లో రాస్తే తర్వాత గుట్టుగా దిద్దేస్తాం.

మన ముగ్గురికీ 2020 నాటి పేజీ ఇలా ఉండేది. లాఫ్రెనియెర్: కిందికి పడిపోయే భయం తక్కువ, పైకి ఎదిగే జాగా కూడా జనం అనుకున్నంత లేదు, ఎందుకంటే ఆ ఎదుగుదలలో పది నెలలు అప్పటికే వాడేసుకున్నాడు. వింగర్, రెండేళ్లు చాలు. బైఫీల్డ్: పైకి చాలా జాగా ఉంది, కానీ సెంటర్, పొడుగువాడు, నాలుగేళ్లు. స్టూట్జ్‌లె: పెద్దల మధ్య 0.83, కళ్లతో చూస్తే వేగం మార్చే తీరు ముగ్గురిలోకీ గొప్పగా ఉంది. నమ్మకం లేనిది, సెంటర్‌గా నిలుస్తాడా అన్నది.

జరిగింది ఇదీ. స్టూట్జ్‌లె సెంటర్‌గా నిలిచి 2022-23లో ఒటావా తరఫున 90 పాయింట్లు చేశాడు. 2023-24లో లాఫ్రెనియెర్ 57, బైఫీల్డ్ 55. మధ్యలో బైఫీల్డ్ చీలమండ విరిగి చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. పుట్టినరోజు మెట్టు లాఫ్రెనియెర్‌ను కిందికి దించి బైఫీల్డ్ పక్కన కూర్చోబెట్టింది, అది సరిగ్గానే కూర్చుంది. స్టూట్జ్‌లెను పైకి తెచ్చింది మాత్రం అంకెల మెట్లు కావు, నాలుగో మెట్టు.

నా పేజీల్లో కొట్టివేతలు చాలానే ఉన్నాయి. 2015లో డాలస్ 12వ స్థానంలో డెనిస్ గురియనోవ్‌ను తీసుకున్నప్పుడు అతని వేగం చూసి, షాట్ చూసి పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. నాలుగో గడి ఖాళీగా వదిలేశాను. ఆ తర్వాత 16వ స్థానంలో మాథ్యూ బార్జల్, 17వ స్థానంలో కైల్ కానర్ వెళ్లారు, ఇద్దరూ పెద్ద పేరు తెచ్చుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 49వ స్థానంలో మేమే రూపె హింట్జ్‌ను తీసుకున్నాం. అతని గురించి నా పేజీలో ఒకే ఒక్క ముక్క ఉంది: "ఫిన్లాండ్, పొడుగు."

మీరు మొదలుపెట్టాలంటే డ్రాఫ్ట్ దాకా ఆగక్కర్లేదు. ఆస్టిన్ దగ్గర సీడర్ పార్క్‌లో టెక్సస్ స్టార్స్ ఏహెచ్‌ఎల్ ఆటలు ఆడతారు. ఫ్రిస్కో నుంచి మూడు గంటలకు పైనే ప్రయాణం. 20, 21 ఏళ్ల కుర్రాళ్లు ఇద్దరి పేర్లు, పుట్టినరోజులు ముందురాత్రే రాసుకుని వెళ్లండి. మొదటి పీరియడ్ ఒకడిని, రెండో పీరియడ్ ఇంకొకడిని చూడండి. మూడో పీరియడ్‌లో పిల్లలకు నాచోస్ కొనిపెట్టాలి కాబట్టి ఎలాగూ కుదరదు.